గడ్డం కింద వెంట్రుకలు

పండు వాళ్ళమ్మకి భయపడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఫోను మోగితే భయం, మోగకపోతే మరీ భయం. వాన పడితే గోడ కూలుతుందని, పడకపోతే కుళాయి ఎండిపోతుందని దిగులు. గోరంత కనిపిస్తే కొండంత ఊహించుకుని, ఆ కొండ ఎక్కి, దిగి, చివరికి ఏమీ కాలేదని తెలిసేసరికి సంతోషించే ఓపిక కూడా మిగలని మనిషి. ఏరి కోరి అలాంటి మనిషికే దేవుడు పండుని ఇచ్చాడు.

పండు పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. ఇరవై నాలుగేళ్ళ పాటు ఆవిడా అలాగే అనుకుంది. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున, ఆవిడ ఉల్లిపాయలు తరుగుతుండగా వచ్చి పక్కన కూర్చుని, "అమ్మా, నేను ఆడపిల్లని కాను. ఊహ తెలిసినప్పటినుంచీ నాకు నేను మగవాణ్ణే. ఇన్నాళ్ళూ చెప్పడం చేతకాలేదు," అన్నాడు. ఉల్లిపాయల వల్ల అప్పటికే కళ్ళు కారుతున్నాయి కాబట్టి, అసలు ఏడుపు ఎక్కడ మొదలైందో ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

లారీ మీద ఊళ్ళు తిరిగే భర్తకి ఫోను చేసి చెప్పింది. అవతలి నుంచి చాలాసేపు ఇంజను చప్పుడే వినిపించింది. చివరికి ఆయన, "తిండి తింటున్నాడా?" అని అడిగాడు. తింటున్నాడంది. "అయితే సరే," అని పెట్టేశాడు. తింటున్నాడా అన్నాడే తప్ప తింటోందా అనలేదని ఆవిడకి ఆ రాత్రి పక్క మీద పడుకున్నాక గానీ వెలగలేదు. ఈయనకి ముందే తెలుసేమో, నాకే చెప్పలేదేమో అని మళ్ళీ అదో దిగులు.

పిలుపుల విషయంలో మాత్రం ఆవిడకి పెద్ద ఇబ్బంది రాలేదు. పండు అన్న ముద్దుపేరు ఎవరికైనా చెల్లుతుంది. "ఏరా నాన్నా" అని ఆవిడ చిన్నప్పటినుంచీ పిలుస్తూనే ఉంది. నాలుక ఇట్టే దారికొచ్చింది. గుండెకే ఇంకా దారి దొరకలేదు.

ఆసుపత్రుల చుట్టూ తిరగడం, మాట్లాడించే డాక్టర్ల దగ్గర కూర్చోవడం, రక్తపరీక్షలు, అన్నీ అయ్యాక వాడికి మందు రాశారు. మగవాళ్ళ ఒంట్లో ఉండే హార్మోను. ఇంజెక్షను కూడా ఉందట గానీ, పండుకి సూది కనబడితే చాలు, కళ్ళు తిరిగి పడిపోతాడు. రక్తం తియ్యాలంటేనే ఇద్దరు పట్టుకోవాలి. లోకాన్నంతా ఎదిరించి నిలబడ్డ మనిషి సూదిమొన ముందు కూలబడతాడు. అందుకని జెల్లు ఇచ్చారు. పొద్దున్నే స్నానం చేసి భుజాలకి రాసుకోవాలి, ఆరాక చొక్కా తొడుక్కోవాలి. ఆ చోట వేరేవాళ్ళ ఒళ్ళు తగలకూడదు, తగిలితే మందు వాళ్ళకీ అంటుతుంది.

"విషమా?" అంది ఆవిడ.

"విషం కాదమ్మా. నా మందు నీకెందుకని."

ఆ మాట ఆవిడ చెవిలో ఉండిపోయింది.

ఆవిడ పని చేసేది హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీలో. పెద్ద వేడి రోలరులోంచి దుప్పటి బయటికొస్తే ఇద్దరు ఆడవాళ్ళు చెరో అంచూ పట్టుకుని మడతపెట్టాలి. దూరంగా జరిగి గుంజడం, దగ్గరికొచ్చి అంచులు కలపడం, మళ్ళీ దూరం, మళ్ళీ దగ్గర. రోలరు హోరులో దూరంగా ఉన్నప్పుడు మాట వినపడదు. కాబట్టి అక్కడి కబుర్లన్నీ దుప్పటి కొలతకి సరిపడా ముక్కల్లో నడుస్తాయి. దగ్గరికొచ్చినప్పుడు ఒక ముక్క అంటారు, మిగతాది నోట్లోనే పెట్టుకుని వెనక్కి నడుస్తారు.

ఆవిడకి జోడీ ఒక లావుపాటి పెద్దావిడ. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. ఎవరి అన్నని ఎవరు చేసుకున్నారని సూపరువైజరు ఎగతాళి చేస్తుంటాడు.

"ఇంతకీ వదినా," అంది జోడీ వదిన దుప్పటి కలుపుతూ, "మీవాడు మగాడయ్యాడు గదా."

వెనక్కి నడిచారు. గుంజారు. ముందుకొచ్చారు.

"ఇక కోడల్ని తెచ్చుకో."

మళ్ళీ వెనక్కి.

"పిల్ల కోసం కాకపోతే ఇంత తంటా ఎవరు పడతారే!"

ఆ రోజంతా పండు వాళ్ళమ్మ ఆ ముక్కని నములుతూనే ఉంది. నిజమే అనిపించింది. వాడికెవరో అమ్మాయి నచ్చి ఉంటుంది, అందుకే ఇదంతా. అనుకున్న కొద్దీ కాస్త ఊరట కూడా కలిగింది. పోనీలే, ఇంట్లోకి ఒక ఆడపిల్ల వస్తుంది. తనకి తోడుగా ఉల్లిపాయలు తరుగుతుంది.

సాయంత్రం వాడు తింటుంటే కదిపింది. పండు కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తాడు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. రోజంతా మెడ వంచి ఉండటం వల్ల ఇంటికొచ్చాక కూడా కంచంలోకి వంగిపోయే ఉంటాడు.

"నాన్నా, నీకెవరైనా పిల్ల నచ్చిందా?"

"ఏ పిల్ల?"

"అదేరా. ఆడపిల్ల."

వాడు తలెత్తాడు. "నాకు ఆడపిల్లలు అలా నచ్చరమ్మా."

"మరి?"

"మగవాళ్ళే."

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. ఒకటికి రెండుసార్లు మనసులో కూడి, తీసి చూసుకుంది. ఎటు కూడినా లెక్క తేలలేదు.

"మగవాళ్ళే నచ్చేటట్టయితే ఆడపిల్లగానే ఉండి పెళ్ళి చేసుకోవచ్చు గదరా! ఎవరో ఒకణ్ణి మేమే తెచ్చి చేసేవాళ్ళం. వెనక గుమ్మంలోంచి ముందు గుమ్మంలోకి రావడానికి ఊరంతా చుట్టి రావాలా?"

వాడు నవ్వలేదు. నవ్వాపుకుంటున్నాడని ముక్కు చెబుతోంది. "నీకు నాన్న నచ్చాడు కాబట్టి నువ్వు ఆడదానివయ్యావా?"

"మీ నాన్న నాకు నచ్చాడని నీకెవరు చెప్పారు?"

"అమ్మా."

"సరే, సరే. చెప్పు."

"పెళ్ళికి ముందు, ఆయనెవరో కూడా తెలియనప్పుడు, నువ్వెవరివి? అప్పుడూ ఆడదానివే గదా. నేనెవర్ని అన్నది ఒకటి, నాకెవరు నచ్చుతారు అన్నది ఇంకోటి. నాకు నచ్చినవాడు నన్ను మగవాడిగా చూసి ఇష్టపడాలి. ఆడదాన్ని అనుకుని ఇష్టపడితే వాడు ఇష్టపడేది ఎవర్నో, నన్ను కాదు."

"ఉన్నాడా అలాంటివాడు?"

వాడు మళ్ళీ కంచంలోకి వంగాడు. "మా దుకాణం పక్కన బేకరీ ఉంది చూడు. అందులో కేకులు చేస్తాడు."

"ఆ పొడుగాయనా? చేతులకెప్పుడూ పిండి ఉంటుంది?"

"ఆయనే."

"ఆయనకి తెలుసా, నువ్వు..."

"అన్నీ తెలుసు."

ఆవిడకి అప్పటిదాకా ఉన్న భయాలకి తోడు ఇంకో అర డజను కొత్తవి పుట్టుకొచ్చాయి. ఉన్న కాస్త ఊరటా, ఉల్లిపాయలు తరగబోయిన ఆ కోడలూ, ఆవిరైపోయాయి. ఆవిడ చేసేదేం లేక వాడికి ఇంకాస్త కూర వడ్డించింది.

జెల్లు మొదలుపెట్టిన కొన్నాళ్ళకి వాడి గొంతు బొంగురుపోయి, తర్వాత దిగింది. ఫోనులో వాళ్ళ నాన్న అనుకుని ఒకసారి ఆవిడ సామాన్ల చిట్టా అంతా వాడికే చదివింది. పై పెదవి మీద నూగు వచ్చింది. వాటన్నిటికంటే ముందు ఆవిడ గమనించింది ఇంకోటి. వాడు అద్దం ముందు నిలబడుతున్నాడు. చిన్నప్పటినుంచీ అద్దానికి వీపు పెట్టి తల దువ్వుకున్న మనిషి, ఇప్పుడు పళ్ళు తోముకుంటూ అద్దంలోకి చూసి కూని రాగం తీస్తున్నాడు. అది చూసి ఆవిడ సంతోషించాలనుకుంది. దిష్టి తగులుతుందేమోనని మానేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, దుప్పటి అంచులు కలుపుతూ జోడీ వదిన టక్కున ఆగిపోయింది.

"ఆగవే. నీ గడ్డం కింద ఏంటది, దారమా?" అని పట్టి లాగింది.

"అబ్బా!"

"అమ్మో, మొలిచిందే!" అంది జోడీ వదిన. వెలుతురు వైపు తిప్పి చూసింది. "ఒకటి కాదు వదినా. ఇదిగో ఇంకోటి. ఇదిగో, నల్లగా, బిరుసుగా. మీవాడికి రావాల్సిన గడ్డం అడ్రసు తప్పి నీకొచ్చినట్టుంది!"

జోడీ వదిన నవ్వుతూనే వెనక్కి నడిచింది. పండు వాళ్ళమ్మ నడవలేదు. దుప్పటి ఒక కొస నేలకి జారింది. సూపరువైజరు కేకేశాడు.

ఆవిడ బుర్రలో అన్నీ గబగబా ఒకదాన్నొకటి అంటుకున్నాయి. వాడి చొక్కాలు ఉతికేది తనే. మెడ పట్టేసిందని వాడు మూలిగినప్పుడల్లా బామ్ రాసేది తనే. నిద్రలో ఉన్నవాడి భుజం మీద చెయ్యి వేసి ఊపిరి ఆడుతోందో లేదో చూసేదీ తనే. ఇరవయ్యారేళ్ళ మనిషికి ఊపిరి చూస్తారా అంటే, ఆవిడ చూస్తుంది. నా మందు నీకెందుకు అన్నాడు. ఇంకెందుకు, అంటనే అంటింది. ఇవాళ వెంట్రుకలు, రేపు మీసం, ఎల్లుండి గొంతు. లారీ దిగి ఇంటికొచ్చిన మనిషికి తలుపు తీసేది ఎవరు?

సాయంత్రం వాడు కాళ్ళు కడుక్కునేదాకా కూడా ఆగలేకపోయింది. వాడు గడప దాటి లోపలికి రాగానే గడ్డం పైకెత్తి చూపించింది.

పండు మొహంలో రక్తం లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అద్దాల పనివాడు కాబట్టి భూతద్దం కూడా పెట్టి చూశాడు.

"నావల్లే," అన్నాడు. "డాక్టరు జాగ్రత్త చెప్పాడు. నేనే సరిగ్గా చూసుకోలేదు."

"నేను చచ్చిపోతానా?"

"లేదమ్మా. చచ్చిపోవడం ఏంటి. ఆపేస్తాను. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి గదా, అప్పటిదాకా రాసుకోను. అప్పుడు వేరే దారేదైనా అడుగుతాను. నువ్వు తగ్గు ముందు."

ఆపమని తను అనలేదు. ఆ మాట ఆవిడ తర్వాత చాలాసార్లు తనకి తను చెప్పుకుంది. నేనన్లేదు, వాడే ఆపాడు. కానీ వాడు ఆ ట్యూబుని అలమర పై అరలోకి, చెయ్యి అందనంత వెనక్కి తోసినప్పుడు ఆవిడ కడుపులో పాలు పోసినట్టయింది. ఆ రాత్రి చాలా కాలానికి ఒళ్ళు మరిచి నిద్రపోయింది.

మొదట్లో వాడికేం మార్పు కనబడలేదు. తర్వాత కూని రాగం ఆగింది. తర్వాత పై పెదవి మీది నూగు చూసుకోవడం మానేశాడు. ఆదివారాలు బేకరీ మనిషితో బయటికి వెళ్ళేవాడు కాస్తా దుప్పటి ముసుగేసి పడుకోవడం మొదలుపెట్టాడు. రమ్మని ఫోను మోగితే తియ్యలేదు. ఒంట్లో బాగోలేదా అంటే బాగానే ఉందంటాడు. తిన్నావా అంటే తిన్నానంటాడు. తినలేదని కంచం చెబుతుంది.

రోజూ పొద్దున మాత్రం తప్పకుండా ఆవిడని కిటికీ దగ్గరికి పిలిచేవాడు. "ఏదీ, చూడనీ. తగ్గాయా?"

రెండో నెలలో ఒక పొద్దున ఆవిడ పనికి బయల్దేరుతుంటే స్నానాల గది తలుపు కొద్దిగా తెరుచుకుంది. వాడి చెయ్యి మాత్రం బయటికొచ్చింది.

"అమ్మా. నీ దగ్గర ప్యాడు ఉందా?"

గొంతు ఇంకా మగ గొంతే. ఆ గొంతుతో ఆ మాట వినేసరికి ఆవిడకి ఒక క్షణం అర్థమే కాలేదు. అర్థమయ్యాక అలమర తెరిచింది. తనకి నెలసరి ఆగి ఏడాది దాటింది. మిగిలిపోయిన ప్యాకెట్టు అడుగున, పాత చీరల కింద ఉంది. తెచ్చి ఆ చేతిలో పెట్టింది. చెయ్యి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది, అలా వస్తూనే ఉంది, బకెట్టు నిండి పొర్లుతున్నా ఎవరూ కట్టలేదు.

ఆవిడ తలుపు బయట చెప్పులేసుకుని నిలబడింది. రెండేళ్ళ కిందట ఇదే జరగాలని మొక్కుకుంది. పిల్ల మళ్ళీ మామూలు పిల్ల కావాలి, నెలనెలా కడుపునొప్పి అని విసుక్కోవాలి, తను వేణ్ణీళ్ళు కాచి ఇవ్వాలి. ఇప్పుడు లోపల మూసుకున్న తలుపు వెనక కూర్చున్న వాణ్ణి తలుచుకుంటే ఆవిడకి వేణ్ణీళ్ళు కాచే ధైర్యం కూడా రాలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఆ రోజు లాండ్రీలో సగం రోజు జీతం కోసేశారు.

వాడు అంత పోగొట్టుకుంటే, ఈ దిక్కుమాలిన వెంట్రుకలైనా పోవాలి గదా. పోలేదు. పీకితే మళ్ళీ వచ్చాయి, ఈసారి పక్కన ఇంకోదాన్ని వెంటబెట్టుకుని. మందు ఆగింది, గడ్డం ఆగలేదు. అంటే లోపల ఇంకా పెద్దదేదో పెరుగుతోందన్నమాట. గడ్డేమో. పుండేమో. అలా అనుకున్నాక ఆవిడ ఎవరికీ చెప్పకుండా ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

డాక్టరమ్మ చిన్నదే, పండు కంటే నాలుగైదేళ్ళు పెద్దది ఉంటుందేమో. రక్తం తీయించి, మళ్ళీ రమ్మంది. మళ్ళీ వెళ్ళేసరికి నవ్వుతూ కనబడింది. నవ్వుతూ చావు కబురు చెప్పే డాక్టర్లు కూడా ఉంటారని పండు వాళ్ళమ్మ కుర్చీ అంచున కూర్చుంది.

"ఏమీ లేదమ్మా. మీ వయసు అంతే."

"మందు అంటిందండీ. మా అబ్బాయి మందు."

"అంటలేదు. అంటి ఉంటే రక్తంలో ఎక్కువ కనబడేది. మీకు ఉండాల్సినంతే ఉంది."

"ఉండాల్సినంత ఏంటండీ?"

"మగ హార్మోను."

ఆవిడ చీర కొంగు భుజం మీదికి లాక్కుంది. "నాకా?"

"అందరు ఆడవాళ్ళకీ కొంచెం ఉంటుందమ్మా. మగవాళ్ళకీ ఆడ హార్మోను కొంచెం ఉంటుంది. నెలసరి ఆగాక మీ ఆడ హార్మోను తగ్గిపోతుంది కదా, ఆ ఉన్న కాస్తా అప్పుడు బయటపడుతుంది. అందుకే గడ్డం కింద నాలుగు వెంట్రుకలు. సగం మంది ఆడవాళ్ళకి వస్తాయి, ఎవరూ చెప్పుకోరు. ఇది అచ్చంగా మీ సొంతం."

"మరి ఇక మగబుద్ధులు కూడా వస్తాయా?"

"మగబుద్ధులంటే?"

పండు వాళ్ళమ్మ ఆలోచించింది. "తిన్న కంచం తియ్యకపోవడం లాంటివి."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి మరీ నవ్వింది. "దానికి హార్మోను అక్కర్లేదమ్మా. పెంపకం చాలు."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆవిడకి ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు కమ్మాయి, ఆ వయసులో వచ్చే సెగలే. కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. గడ్డం తడుముకుంది. తనలో మగ హార్మోను ఉంది, ఎప్పుడూ ఉంది. ఇప్పుడు పైకి కూడా వచ్చింది. అయినా తనకి ఒక్క పూటైనా నేను మగవాణ్ణి అనిపించిందా? అనిపించలేదు. ఆడ హార్మోను ఎండిపోయిందట, మరి ఆడదాన్ని కాను అనిపించిందా? అదీ లేదు. పండు ఒంట్లోనేమో ఆడ హార్మోను పన్నెండేళ్ళపాటు ఏరులా పారింది. అంత పారినా వాణ్ణి ఆడపిల్లని చెయ్యలేకపోయింది. మరి ఆ అనిపించడం అనేది ఎక్కడుంటుంది? ఏ సీసాలో ఉంటుంది? మందు వాణ్ణి మగవాణ్ణి చేస్తోందని తను భయపడింది. మందు చేసిందల్లా వాడు అద్దంలోకి చూసుకునేలా చెయ్యడం.

ఇంత అర్థమైన మనిషి ఇంటికెళ్ళి ఏం చెయ్యాలి? గుమ్మంలోంచే చెప్పేయాలి. నాన్నా, నీ తప్పేం లేదురా, నా గడ్డం నాదే, పోయి నీ మందు రాసుకో అనాలి.

ఆవిడ చెప్పలేదు.

చెప్పకపోవడానికి ఆవిడ దగ్గర బోలెడు కారణాలున్నాయి. మందు వల్ల కాలేయం చెడుతుందని ఎవరో అన్నారు. రక్తం చిక్కబడుతుందన్నారు. ఎలాగూ ఆగింది, తన చేతుల మీదుగా ఆపలేదు, దానంతటదే ఆగింది. ఇంకొన్నాళ్ళు ఆగితే వాడికే అలవాటైపోతుందేమో. మనసు మారుతుందేమో. ఒక్క మాట నోట్లో పెట్టుకుని కూర్చుంటే చాలు, కొడుకు క్షేమంగా ఉంటాడు. కానీ ఆ మాట మింగుడుపడదు, కక్కుదామంటే నోరు రాదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆవిడ ఇంట్లోనే గిలగిలలాడింది.

లాండ్రీలో జోడీ వదినకి మాత్రం చెప్పింది, దుప్పటికింత చొప్పున.

"నీ సొంతమేనన్నమాట!" అంది జోడీ వదిన దగ్గరికొచ్చి. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. "వాడికి చెప్పావా?"

పండు వాళ్ళమ్మ దుప్పటి అంచు సరిచేస్తూ వెనక్కి నడిచింది. గుంజి మళ్ళీ కలిశారు.

"చెప్పలేదూ?" జోడీ వదిన ఈసారి వెనక్కి నడవలేదు. మడతపెట్టిన దుప్పటి చేతిలో పెట్టుకుని అక్కడే నిలబడి చూసింది. ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం ఆడే మనిషి, ఒక్క ముక్క కూడా అనకుండా దుప్పటి దొంతర మీద పెట్టి ఇంకోటి అందుకుంది.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గరికి పండు పిలిచాడు. ఆవిడ వెళ్ళి నిలబడింది. వాడి కళ్ళ కింద నల్లటి చారలు. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తగ్గాయన్నావు గదమ్మా మొన్న."

"తగ్గాయిరా. కొంచెం."

"లేదమ్మా. అలాగే ఉన్నాయి. ఇంకోటి వచ్చింది కూడా." వాడు భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. "ఆపింది చాలలేదేమో. నీ ఒంట్లోంచి పోవడానికి టైము పడుతుందేమో. డాక్టరు దగ్గరికెళ్ళే రోజు ఇంకా వెనక్కి జరిపిస్తాలే. నువ్వు భయపడకు."

వాడు ఓదారుస్తున్నాడు. తిండి లేక మొహం పీక్కుపోయినవాడు, నాలుగు వెంట్రుకలకి ఆవిణ్ణి ఓదారుస్తున్నాడు.

"నీది కాదురా," అంది ఆవిడ.

"ఏంటి?"

"నీ మందు అంటలేదు. డాక్టరమ్మ రక్తం చూసి చెప్పింది. నా వయసుకి వస్తాయట. నావే. నీకూ దానికీ సంబంధం లేదు."

వాడి మొహం ఒక్కసారిగా తేటపడింది. అది చూసి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. కానీ వెంటనే వాడు అడగాల్సింది అడిగాడు.

"ఎప్పుడు చెప్పింది?"

ఆవిడ కిటికీ ఊచ పట్టుకుంది.

"అమ్మా. ఎప్పుడు చెప్పింది?"

"వారం పైనే అయింది."

"వారం పైనే?" అన్నాడు. "ఈ వారమంతా నేను రోజూ చూస్తున్నాను గదా. ఇక్కడే, నువ్విక్కడే నిలబడి ఉన్నావు."

"భయమేసింది నాన్నా."

"నీకెప్పుడు వెయ్యదు?"

వాడు అరవలేదు. అరిస్తే బాగుండునని ఆవిడ కోరుకుంది. చొక్కా తొడుక్కుని, టిఫిను డబ్బా తీసుకోకుండా, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అలమర పై అర వైపు కూడా చూడలేదు.

ఆ రోజు లాండ్రీలో ఆవిడ మడతపెట్టిన దుప్పట్లలో సగం వంకర వచ్చాయి. జోడీ వదిన వాటిని విప్పి మళ్ళీ పెట్టింది. పండు వాళ్ళమ్మ బుర్రలో వాడు ఒకసారి బస్సు కింద పడ్డాడు, ఒకసారి వంతెన మీద నిలబడ్డాడు, ఒకసారి పెట్టె సర్దుకుని పిండి చేతుల మనిషితో పేరు తెలియని ఊరికి వెళ్ళిపోయాడు. దుకాణానికి ఫోను చెయ్యాలనుకుని, ఏమని అడగాలో తెలియక మానేసింది.

వాడు వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఎప్పుడూ వచ్చే వేళ దాటిపోయింది. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. వాడు పక్కనుంచి లోపలికి వెళ్ళి, గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. చేతిలో బేకరీ పొట్లం ఉంది. దాన్ని ఇద్దరికీ మధ్యలో పెట్టాడు.

"గది చూసొచ్చాను," అన్నాడు. "దుకాణానికి దగ్గర్లో. ఆయన చూపించాడు."

ఆవిడ కూర్చుండిపోయింది.

"వెళ్తానో లేదో తెలీదు. వెళ్ళినా నీ గడ్డం వల్ల కాదు. నా మందు వల్లా కాదు. ఈ రెండు నెలలూ నేనెలా ఉన్నానో నువ్వు చూశావు. చూసి కూడా చెప్పలేదు. అదే నాకు కష్టంగా ఉంది."

"నీకేమన్నా అవుతుందనిరా."

"అవుతోంది గదమ్మా. నీ కళ్ళ ముందే అయింది గదా."

ఆవిడ దగ్గర ఎప్పుడూ ప్రశ్నలే ఉంటాయి, అవి కూడా లోపలే పెట్టుకుంటుంది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది. పొద్దుటినుంచీ నిలబడ్డ కాళ్ళు లాగుతున్నాయి.

"రేపట్నుంచి రాసుకుంటా," అన్నాడు వాడు కాసేపటికి.

"రాసుకో."

"రాసుకో అంటావు. లోపల ఏమనుకుంటావో నాకు తెలీదు. అదే వద్దంటున్నాను. నువ్వు దేనికి భయపడుతున్నావో నాకు చెప్పు. నాకే చెప్పు. పిచ్చిదైనా సరే. తెలిస్తే చెబుతాను, తెలియకపోతే డాక్టరుని ఇద్దరం కలిసి అడుగుదాం. లోపల పెట్టుకుని నా వెనక నువ్వేదో ఒకటి చెయ్యడం మాత్రం ఇక కుదరదు."

"అన్నీ చెప్పాలా?"

"అన్నీ."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. మొదలుపెట్టు."

ఆవిడ కొంగు సర్దుకుంది. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఈ మాట అడిగినవాళ్ళు లేరు. ముందు ఎక్కడినుంచి ఎత్తుకోవాలో తెలియలేదు. కాలేయంతో ఎత్తుకుంది. దానికి వాడు జవాబు చెప్పాడు, ఆర్నెల్లకోసారి పరీక్ష చేస్తారని. రక్తం చిక్కబడితే అంది. దానికీ చెప్పాడు. ఆ బేకరీ ఆయన వాళ్ళమ్మకి తెలుసా అంది. తెలుసన్నాడు. ఆవిడేమంది అంది. మొదట ఏడ్చి, తర్వాత కేకు కోసిందన్నాడు. మీ ఇద్దర్నీ దారిలో ఎవరైనా కొడితే అంది. దీనికి మాత్రం వాడు, "ఆ భయం నాకూ ఉందమ్మా," అన్నాడు. అలా అన్నందుకు ఆవిడకి ఎందుకో వాడి మీద నమ్మకం కుదిరింది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ఏమంటారని అడిగింది, జ్వరమొస్తే ఏ వార్డులో పడుకోబెడతారని అడిగింది, ముసలాడివయ్యాక నీకెవరుంటారని, నేనూ మీ నాన్నా పోయాక పండగనీ పబ్బమనీ నిన్నెవరు పిలుస్తారని అడిగింది.

వాడు "ఊఁ" అన్నాడు. ఇంకో రెండింటికి "ఊఁ" అన్నాడు. తర్వాత అదీ లేదు. గోడకి ఆనుకుని, మెడ ఎప్పటిలాగే ముందుకి వంగి, నిద్రపోయాడు.

పండు వాళ్ళమ్మ ఆగి చూసింది. తలకింద ఏదైనా పెడదామని లేవబోయి, కాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చుంది. గొంతు తగ్గించింది. చెప్పడం మాత్రం ఆపలేదు. ఇంకా చాలా ఉన్నాయి.